తాత ఏమన్నడు?

మా అవ్వ పోయాక వచ్చిన మొదటి పెత్రమాస నాడు, పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, బాపు నన్నొక పని అడిగాడు. అడిగింది చిన్న పనే. ఎవరికైనా చెబితే దీనికింత ఆలోచన దేనికంటారు. కానీ ఆ పని వల్లనే పదిహేనేళ్ళ వయసులో నాకొక జబ్బు పేరు అంటుకుంది. ఏళ్ళ తరబడి మాత్రలు మింగాను. ఇప్పటికీ నేను కాస్త గట్టిగా నవ్వితే మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తుంది. ఆ పనిని మళ్ళీ చేయమన్నది ఎవరయ్యా అంటే, అలాంటి పని మా ఇంట్లో ఎవరూ చేయరని ఆనాడు డాక్టరు ముందు చెప్పిన మనిషే. అందుకని ముందు ఆ పనేమిటో చెప్పాలి.

మా ఇంట్లో ఏ సంగతైనా తాతకు చెప్పేవాళ్ళు. తాత, అంటే బాపు తండ్రి, నేను పుట్టకముందే పోయాడు. మా వైపు సేద్యం చేసుకునే ఇళ్ళల్లో పెద్దలు పోతే సొంత మెట్ట చెల్కలోనే సమాధి చేసుకునేవాళ్ళు. మా తాత కూడా మా జొన్న చెల్కలో, సీతాఫలం చెట్ల పక్కన, సున్నం పూసిన చిన్న గద్దె కింద ఉండేవాడు. ఎద్దును అమ్మాలన్నా, బోరు వేయించాలన్నా, మేనత్తకు సంబంధం చూడాలన్నా అవ్వ పొద్దున్నే జొన్నరొట్టె, ఉల్లికారం గుడ్డలో కట్టుకుని అక్కడికి వెళ్ళేది. రొట్టె తుంచి ఒక ముక్క గద్దె మీద పెట్టి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేది. తర్వాత ఆకు, వక్క నములుతూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. నేను చీమలతో ఆడుకుంటూ పక్కనే ఉండేదాన్ని. నోరు పండాక లేచి చీర దులుపుకునేది. అంతే, పని అయిపోయినట్టు. ఇంటికి రాగానే బాపు కాళ్ళు కడుక్కుంటూ, "తాత ఏమన్నడు?" అని అడిగేవాడు. సరే అన్నడనో, ఈ ఏడు ఒద్దన్నడనో అవ్వ చెప్పేది. ఎలా అన్నాడు, ఏ గొంతుతో అన్నాడు అని ఆమెను అడిగినవాళ్ళు లేరు. బతికున్నన్నాళ్ళూ అవ్వ మాటకు అడ్డం చెప్పిన తాత, పోయినంక మాత్రం ఆమె గీసిన గీత దాటలేదని అమ్మ చాటుగా నవ్వేది. నవ్వినా, నేను బడికి వెళ్ళే వయసొచ్చినప్పుడు ఏ బడిలో వేయాలో తాతను అడిగి రమ్మని అవ్వను పంపింది కూడా అమ్మే.

విమానాల కోసం భూములు పోయినప్పుడు మా చెల్క పోయింది. చెల్కతో పాటు తాత కూడా విమానాశ్రయం గోడ లోపల ఉండిపోయాడు. పనులు నడుస్తున్నన్నాళ్ళు పెత్రమాస నాడు అవ్వ బతిమాలితే కాపలావాళ్ళు లోపలికి పోనిచ్చేవారు. విమానాలు దిగడం మొదలయ్యాక అదీ ఆగిపోయింది. అప్పటికి మేం శంషాబాద్ బజారు వెనక సందులో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇంటి యజమానురాలిని అందరూ ఖాలా అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆమె వాకిట్లో పొద్దున ఉల్లిగడ్డలు వేగుతుంటే మా గదిలోని గోనెసంచులకు కూడా ఆ వాసన పట్టేది. విత్తనాలు లేకపోయినా ఆ సంచులను బాపు పారేయనివ్వలేదు. పొద్దున్నే లేచి తలగుడ్డ చుట్టుకుని, ఎక్కడికి పోవాలో తెలియక గడప మీద కూర్చునేవాడు. అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి. అయినా తాతకు చెప్పడం ఆపాలని ఆమెకు తోచలేదు. గోడ అవతల తాత ఏ దిక్కున ఉన్నాడో ఒక కరెంటు స్తంభం గుర్తు చెప్పి, "నీ కాళ్ళు గట్టిగున్నయి బిడ్డా, నువ్వు పోయి చెప్పి రా" అని నన్ను పంపడం మొదలుపెట్టింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి ముగించి పదిలోకి వచ్చాను. బడి వదలగానే ఆ స్తంభం దాకా నడిచి, గోడ మొదట్లో రొట్టె ముక్క పెట్టి, చెప్పమన్నది చెప్పి, కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. మొదట్లో గర్వంగా ఉండేది. ఇంట్లో పెద్దరికం నా చేతికి వచ్చినట్టు నడుం మీద చేయి పెట్టుకుని తిరిగేదాన్ని.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ ఏడు నేను బాగాలేను. విమానం దిగేటప్పుడు ఇంటి రేకులు అదిరేవి, వాటితో పాటు నా గుండె. నిద్ర సరిగా పట్టేది కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉండేది. మా ఊరిపిల్లలంతా తలా ఒక కాలనీకి చెదిరిపోయారు, కొత్త బడిలో నాకు తోడు లేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలేవి. గోడ దగ్గర కూర్చుంటే ఏడుపొచ్చేది, ఏడిస్తే కాస్త తేలికయ్యేది. అది జబ్బా, దిగులా అని నన్ను అప్పుడు అడిగినా చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు అడిగినా చెప్పలేను.

బాపు అప్పుడు విమానాశ్రయానికి తిప్పడానికి కారు కొనాలనుకున్నాడు. పక్క ఊళ్ళవాళ్ళు కొంటున్నారు, తనకేం తక్కువ అన్నది ఆయన పంతం. బండి నడపడం రాదు, నేర్చుకుంటానన్నాడు. అవ్వకు ఇష్టం లేదని ఆమె నమిలే తీరులోనే తెలుస్తుండేది. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి తాతను అడిగి రమ్మని నన్ను పంపింది. నేను వెళ్ళి చెప్పాను. కూర్చున్నాను. తాత గొంతు నాకు వినబడలేదు. విమానం మోత తప్ప ఏమీ వినబడలేదు. కానీ గడప మీద కూర్చునే బాపు, ఆ తలగుడ్డ, స్టీరింగు మీద ఆయన చేతులు, ఇవన్నీ తలచుకుంటే మనసులో ఒద్దు అనిపించింది. అవ్వకు కూడా ఇన్నేళ్ళూ ఇలాగే అనిపించి ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది. ఇంటికి వచ్చి అవ్వలాగే కాళ్ళు కడుక్కుని, "తాత ఒద్దన్నడు" అన్నాను. అప్పటికే బాపు ఎవరికో మాట ఇచ్చి వచ్చాడు. ముఖం ఎర్రబడింది. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగని మాట ఆయన మొదటిసారి నన్ను అడిగాడు.

"ఎట్ల విన్నవే? నీకు తాత గొంతు గిట్ల వినొస్తున్నదా?"

నేను అవ్వ వైపు చూశాను. ఆమె చెప్తుందనుకున్నాను. ఆమె ఆకుకు సున్నం రాస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఎవరూ పంపకుండానే నేను గోడ దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. తాత ఏమీ అనలేదని ఇంట్లో ఒప్పుకోలేను, అన్నాడని ఇంకొకసారి అనలేను. ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా నాకు తాత తప్ప దిక్కు లేదు. ఒక మధ్యాహ్నం అక్కడ ఏడుస్తూ, పైకే ఏదో అంటూ ఉన్నప్పుడు కాపలా మనిషి చూశాడు. మంచివాడే, నీళ్ళు తాగించి, నన్ను జీపులో సందు దాకా తెచ్చి దింపాడు. జీపు దిగేటప్పటికి సందంతా గుమిగూడింది. పిల్ల గోడతో మాట్లాడుతున్నదన్న మాట జీపు కంటే ముందే ఇంటికి చేరింది. మర్నాడు బడిలో పెద్దసారు బాపును పిలిపించి, ఆలస్యం చేయకుండా పట్నంలో డాక్టరుకు చూపించమన్నారు.

ఆ డాక్టరు గది ఫినాయిల్ వాసన వచ్చేది. ఆయన కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవారు. నన్ను ఒక్కసారి కూడా కసరలేదు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవాలన్నా నాకు పూర్తిగా రాదు. నిద్ర, తిండి, చదువు అన్నీ అడిగి, చివరికి గోడ దగ్గరికి వచ్చారు. ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అంటే తాతతో అన్నాను. తాత ఏమన్నాడంటే కారు ఒద్దన్నడని చెప్పాను. "ఆయన అలా అంటే నువ్వు విన్నావా?" అని అడిగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వినలేదంటే ఇంట్లో అబద్ధం ఆడినట్టు, బాపు మాటకు నేనే అడ్డం పడి ఆ నేరాన్ని తాత మీద తోసినట్టు. బాపు పక్కనే కూర్చుని ఉన్నాడు, ఆయన అవతల అవ్వ. విన్నానంటే ఏమవుతుందో నాకు తెలియదు. మా ఇంట్లో అది రోజూ అనుకునే మాట. విన్నానని తలూపాను. ఆయన రాసుకున్నారు. రాసుకున్నాక బాపు వైపు తిరిగి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, పోయినవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళు జవాబు చెప్పడం లాంటివి ఉన్నాయా అని అడిగారు.

బాపు ఒక్కసారి అవ్వ వైపు చూశాడు. "లెవ్వు సార్" అన్నాడు. "మా ఇంట్ల గసొంటియి లెవ్వు."

అవ్వ ఒళ్ళో ఆకువక్కల డబ్బా ఉంది. దాన్ని తెరిచి, మళ్ళీ మూసింది. చదువుకున్నవాళ్ళ ముందు సమాధికి రొట్టె పెట్టే సంగతి చెప్పుకోవడం నామోషీ అని బాపు అనుకుని ఉంటాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. అవ్వ ఎందుకు నోరు విప్పలేదో నాకు ఏ కారణమూ దొరకలేదు. బాపు మీదకంటే ఆమె మీదనే నాకు ఎక్కువ కోపం ఉండేది. నన్ను గోడ దగ్గరికి పంపింది ఆమె. ఆ గదిలో నేను ఒంటరిదాన్ని అయిపోయాను. మా ఇంట్లో అందరూ చేసే పని నేనొక్కదాన్నే చేసినట్టయింది. ఆ రోజు డాక్టరు చెప్పిన జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. బాపుకు దాన్ని పలకడం రాలేదు, అందుకే ఇంట్లో దాన్ని "ఆ పేరు" అనేవాళ్ళు. సందులో మాత్రం అంత కష్టపడలేదు. పిచ్చి అన్నారు.

మాత్రలతో మొదట నిద్ర పట్టింది. అది అబద్ధం కాదు, నెలల తర్వాత నిద్ర పట్టింది. ఆ తర్వాత నిద్ర తప్ప ఇంకేమీ మిగల్లేదు. పొద్దున అమ్మ రొట్టెలు చరిచే చప్పుడు ఎక్కడో పక్క ఊళ్ళో నుంచి వస్తున్నట్టుండేది. నోరు ఎండిపోయేది, ఒళ్ళు ఉబ్బింది. చేతి వణుకుకు పరీక్ష కాగితం మీద నా అక్షరాలు నేనే గుర్తుపట్టలేకపోయాను. పది తప్పాను. తిన్నాక అమ్మ మాత్ర చేతిలో పెట్టి, మింగాక నాలుక ఎత్తమనేది. నాలుక ఎత్తి చూపించేదాన్ని. అవ్వ ఆ సమయానికి మాత్రం గోడ వైపు తిరిగి పడుకునేది. నవ్వితే ఎక్కువైందనేవాళ్ళు, ఏడిస్తే తిరగబెట్టిందనేవాళ్ళు, మాట్లాడకుండా కూర్చుంటే లోపల ఎవరితోనో మాట్లాడుతున్నదని అమ్మ నా పెదాల వంక చూసేది. నాకే జబ్బూ లేదు అని ఒకసారి డాక్టరుతో గట్టిగా అన్నాను. తమకు జబ్బు ఉందని తెలియకపోవడం కూడా ఈ జబ్బులో ఒక భాగమేనని ఆయన బాపుకు ఓపిగ్గా వివరించారు. మాత్ర పెంచారు. ఆ తర్వాత ఆ మాట అనడం మానేశాను. ఉందని ఒప్పుకుంటే ఉన్నట్టు, లేదంటే ఇంకా ఎక్కువ ఉన్నట్టు. ఆ గదికి కిటికీ ఉండేది గానీ నాకు తలుపు కనబడేది కాదు.

మరి నేను నేర్చుకున్నదేమిటంటే సరైన జవాబులు. ఏమైనా వినబడుతున్నదా అంటే ఏమీ వినబడటం లేదు సార్. ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అంటే లేదు సార్. ముఖంలో ఏమీ లేకుండా ఆ రెండు మాటలు అనడం వచ్చాక మాత్రలు పెరగడం ఆగింది. బాపు కారు కొన్నాడు. నడపడం నేర్చుకున్నాడు కూడా, బాగానే నడిపాడు. తాత చెప్పింది, అంటే నేను చెప్పింది, తప్పయింది. మా ఇంట్లో తాతకు చెప్పడం ఆ డాక్టరు గదితోనే ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. ఎవరూ అవ్వను మళ్ళీ ఏమీ అడగలేదు, అవ్వ ఎవరినీ పంపలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు, సందులో రంగులు చల్లుకుని పాటలు పాడుతున్న రోజుల్లో, పాత డాక్టరు ఊరు మారారు. ఆయన చోట ఒక డాక్టరమ్మ వచ్చింది. బాపు కారుకు కిరాయి తగలడంతో నాకు తోడుగా అమ్మ, ఖాలా వచ్చారు. డాక్టరమ్మ కథంతా మొదటినుంచి అడిగింది. అమ్మ అలవాటు ప్రకారం తాతతో మాట్లాడేదండీ అని మొదలుపెట్టింది. ఖాలా ఆమెను మధ్యలో ఆపింది. ఇన్నేళ్ళు పక్క గదిలో ఉండి అన్నీ చూసిన మనిషి. వీళ్ళ అవ్వే ఈ పిల్లను పంపేదని, ఆ ఇంట్లో అందరూ తాతను అడిగేవాళ్ళని మొత్తం చెప్పేసింది. చెప్పి, "మేం గూడ దర్గాకు పోయి మా పరేషాన్ చెప్పుకుంటం డాక్టరమ్మా. జవాబు గూడ తెచ్చుకుంటం. మాకు గూడ గోలీలిస్తరా?" అని అడిగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆ గదిలో మొదటి రోజే ఎవరైనా అంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

డాక్టరమ్మ చాలాసేపు నాతో ఒంటరిగా మాట్లాడింది, ఆ తర్వాత కూడా చాలాసార్లు పిలిచింది. మాత్రలు ఒక్కసారిగా ఆపొద్దని, కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూద్దామని చెప్పి అలాగే తగ్గించింది. చివరికి ఆపేసింది. ఆ రోజు నేను ఆమెను ఒకటే అడిగాను, ఆ పేరు తప్పని చెప్పమని. ఆమె చెప్పలేదు. "అప్పుడు నిన్ను నేను చూడలేదు. ఇప్పుడు నీలో నాకది కనబడటం లేదు. అంతవరకే నేను చెప్పగలను" అంది. నిజాయితీగల జవాబే. కానీ ఇన్నేళ్ళూ ఎదురుచూసింది దానికోసం కాదు. ఇల్లలకగానే పండగ కాదని తెలిసింది. మాత్రలు పోయాయి, పేరు పోలేదు. లేదు అని చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోతే అది ఎక్కడికి పోతుంది?

నేను డాక్టర్ల మీద కత్తి కట్టలేదు. పది మళ్ళీ రాసి, ఆలస్యంగా చదువు ముగించి, ఇప్పుడు మహేశ్వరంలో నేను చదువు చెప్పే బడిలో ఒక టీచరు తమ్ముడు ఆ మాత్రల వల్లే మనిషయ్యాడు. అవి లేకపోతే వాడు ఏమయ్యేవాడో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు మా బడిలో పిల్లలు దిగులుగా ఉంటే మాట్లాడటానికి వారానికోసారి ఒకామె వస్తుంది. ఆమె మొదట పిల్లల ఇంటి సంగతులు అడుగుతుంది, వాళ్ళింట్లో పండగలు ఎలా చేస్తారో కూడా అడుగుతుంది. నేను స్టాఫ్ రూంలో కూర్చుని వింటూ ఉంటాను. నా వయసుకు ఈ కుళ్ళుమోతుతనం ఏమిటని నవ్వుకుంటాను, చప్పుడు కాకుండా.

ఈ వేసవిలో అవ్వ పోయింది. చివరి ఏళ్ళలో చెవులు పూర్తిగా పోయాయి, విమానాలు ఇంటి మీదుగా పోయినా తల ఎత్తేది కాదు. మాకు ఇప్పుడు చెల్క లేదు కాబట్టి, మేం తర్వాత ఇల్లు కట్టుకున్న కాలనీ వెనక అందరి బొందలగడ్డలో ఆమెను పెట్టాం. పెత్రమాస నాడు అమ్మ రొట్టెలు చేసి గుడ్డలో కట్టింది. బాపు, నేను నడిచి వెళ్ళాం. ఆయన ఇప్పుడు కారు నడపడం లేదు, చూపు తగ్గింది. మా ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతామని ఒక బిల్డరు తిరుగుతున్నాడు. ఇవ్వాలా వద్దా అని బాపు కొట్టుమిట్టాడుతున్నాడు. గేటు దగ్గర ఆగి, రొట్టె మూట నా చేతికి ఇచ్చాడు. "ఇంటి సంగతి అవ్వకు జర చెప్పి రా బిడ్డా. నేను చెప్తె చెప్పదు, నీకైతె చెప్తది" అన్నాడు.

నేను మూట పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్ళు అడగని మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆ రోజు డాక్టరు అడిగితే మనింట్లో అలాంటివి లెవ్వని ఎందుకన్నావని అడిగాను. ఏ రోజు అని ఆయన అడగలేదు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మా అమ్మను గూడ రాస్తడనుకున్న బిడ్డా. ఇద్దర్నీ గోలీలు పెట్టి ఇంట్ల పండబెడితె నేను ఎట్ల సాదాలె? ఒక్కదాన్నైతె సాదుకుంట అనుకున్న." తలగుడ్డను చేతిలో మడుస్తూ, "అవ్వ చెప్తనన్నది ఆ రోజు. బయటికొచ్చినంక మళ్ళ లోపలికి పోతనన్నది. నేనే పోనియ్యలే" అన్నాడు.

వెళ్ళి అవ్వ దగ్గర కూర్చున్నాను. రొట్టె తుంచి పెట్టాను. బిల్డరు సంగతి మనసులోనే చెప్పాను, పెదాలు కదపకుండా. అది నాకు బాగా అలవాటైన విద్య. ఒద్దు అనిపించింది. చాలా స్పష్టంగా అనిపించింది. లేచి చీర దులుపుకుని గేటు దగ్గరికి వచ్చాను. బాపు నా ముఖంలోకి చూస్తూ అడిగాడు.

"ఏమన్నది?"

ఒద్దన్నది అనే మాట నాలుక చివర ఉంది. ఈసారి ఎలా విన్నవని అడిగేవాళ్ళు లేరు. అయినా నోరు నేర్చుకున్న జవాబే చెప్పింది. "ఏమీ వినబడలేదు బాపు" అన్నాను.

ఆయన తల ఊపాడు. తలగుడ్డ మళ్ళీ చుట్టుకోబోయి, చుట్టుకోకుండా భుజాన వేసుకున్నాడు. "నా మీద కోపమున్నదేమో. ఇంక చెప్పదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నాకు అప్పటిదాకా లేని జాలి ఆయన మీద ఒక్కసారిగా కలిగింది. పైన విమానం దిగుతూ ఉంది, అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"ఆగు బాపు" అన్నాను. "అవ్వకు చెవులు వినొస్తయా? నేను గట్టిగ అడగలే. మళ్ళొకసారి అడిగొస్త."

మళ్ళీ లోపలికి నడుస్తూ, అలవాటు కొద్దీ, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. మా కాలనీవాళ్ళే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, చూస్తున్నారు. అవ్వ పక్కన కూర్చుని, అందరికీ వినబడేటట్టు పైకే అడిగాను.